విరాళానికి ముందు ఒక ప్రశ్న



కనుమ వచ్చిందంటే నెల్లూరు పల్లెల్లో ఎద్దుల కొమ్ములకి రంగులు పడతాయి. మెడలో దండలు పడతాయి. పశువుకి పొంగలి పెట్టి, దండం పెట్టాకే ఇంట్లోవాళ్లు తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇప్పుడు ఆ పండుగ రోజుల్లోనే ఇంకోటి కూడా వస్తోంది. ఫోన్‌లో చందా అడిగే సందేశాలు. కాలు విరిగిన కుక్కపిల్ల ఫొటో ఒకటి. డొక్కలు తేలిన ఆవు ఫొటో ఇంకోటి. కింద క్యూఆర్ కోడు. చూసినవాళ్లు చూసినట్టే ఐదువందలో వెయ్యో పంపేస్తున్నారు.

ఆ మనసు మంచిది. ఆ మనసే లేకపోతే ఈ పూట ఈ మాటలతో పనే లేదు. అయితే పంపిన వెయ్యి ఏ జీవానికి అందింది, దాని బాధ ఎంత తగ్గించింది అని తర్వాత కనుక్కునేవాళ్లు చాలా తక్కువ. చీటీ వేయాలంటే ఆ చీటీ నడిపే మనిషి గురించి నలుగురిని విచారిస్తాం. ఎన్నేళ్లుగా నడుపుతున్నాడు, పాడుకున్నవాళ్లకి డబ్బు టయానికి ఇచ్చాడా లేదా అని అడుగుతాం. నోరులేని జీవాల పేరుతో ఇచ్చే డబ్బుకి ఆ పాటి విచారణ కూడా జరగడం లేదు. చీటీ ఎగ్గొడితే వీధికెక్కి గొడవ చేస్తాం. జంతువుల డబ్బు వృథా అయితే అవి ఎవరితో చెప్పుకుంటాయి?

అందుకని ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న గురించి చెప్పుకుందాం. ఏ సంస్థకైనా డబ్బు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న. మా డబ్బు అందితే కొత్తగా ఏం జరుగుతుంది? అందకపోతే ఏం ఆగిపోతుంది? ఇంతే. మళ్లీ ఒకసారి వినండి. అందితే ఏం జరుగుతుంది? అందకపోతే ఏం ఆగిపోతుంది?

వినడానికి చాలా మామూలు ప్రశ్నలా ఉంది కదా. దీన్ని మన నెల్లూరు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి చూద్దాం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట వస్తాయి. తల్లి తాబేలు ఇసుకలో పాక్కుంటూ పైకి వచ్చి, వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంట తవ్వుతుంది. అందులో నూరు దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పేసి, ఒళ్లంతా ఊపి అదిమి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఈలోపల కుక్కలు తవ్వుతాయి, నక్కలు తవ్వుతాయి. పోటు ఎక్కువైతే నీళ్లు కమ్ముతాయి.

ఈ గుడ్లని కాపాడే సంస్థలున్నాయి. 2002లో చెన్నైలో మొదలైన ట్రీ ఫౌండేషన్ వాటిలో పేరున్నది. అది అటవీ శాఖతో కలిసి తమిళనాడులోనూ మన ఆంధ్ర దక్షిణ తీరంలోనూ పనిచేస్తోంది. ఈ పనిలో రాత్రి గస్తీ తిరిగేది పాలేల్లోని మత్స్యకార యువకులే. టార్చిలైటు పట్టుకుని ఇసుక మీద తాబేలు జాడ వెతుకుతారు. గూడు దొరికితే గుడ్లు జాగ్రత్తగా తీసి, కంచె కట్టిన చోట మళ్లీ అదే లోతులో పాతిపెడతారు. పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతారు. పొద్దున్నే పిల్లలు నీళ్లవైపు పరిగెత్తే ఆ దృశ్యం పేపర్లో వస్తుంది. చూసినవాళ్ల కడుపు నిండుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్న అడుగుదాం. మా డబ్బు గూళ్లకి అందితే కొత్తగా ఏం జరుగుతుంది? ఈ జాతి బతకాలంటే గుడ్లని కాపాడితే సరిపోతుందా?

1987లో అమెరికాలో డెబోరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేళ్ల మీద ఒక లెక్క కట్టారు. అప్పటిదాకా అక్కడ కూడా డబ్బూ శ్రమా ఎక్కువగా గుడ్ల మీదే పెట్టేవాళ్లు. వీళ్లు లెక్క వేసి చూస్తే తేలింది ఇది. ఒడ్డున ఒక్క గుడ్డు కూడా పాడవకుండా చూసుకున్నా ఆ జాతి తగ్గిపోవడం ఆగదు. సముద్రంలో ఎదిగిన తాబేళ్లు, ఎదుగుతున్న తాబేళ్లు వలల్లో పడి చావకుండా ఆపితేనే ఆగుతుంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. పిల్లల్లో పెద్దయ్యేవి చాలా కొద్ది. ఎన్నో ఏళ్లు బతికి, గుడ్లు పెట్టే వయసుకి వచ్చిన ఒక్క ఆడ తాబేలు చచ్చిపోతే, దానితో పాటు రాబోయే ఏళ్ల గూళ్లన్నీ పోయినట్టే.

తాబేలు నీళ్లలో బతికే జీవమే కానీ, గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. మరబోటు వెనక ట్రాల్ వల గంటల తరబడి ఈడుస్తారు. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేదు. ఊపిరాడక చస్తుంది. తర్వాత అలలు దాన్ని ఒడ్డుకి చేరుస్తాయి. ఇసుక మీద పడున్న ఆ తాబేలుని దగ్గరికెళ్లి చూస్తే చాలాసార్లు పైడొప్ప మీద దెబ్బ కనిపించదు. కళ్లు ఉబ్బి బయటికి వచ్చి ఉంటాయి. మెడ వాచి ఉంటుంది. ఒక్కోసారి కడుపులో గుడ్లు కూడా ఉంటాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి ఇలాంటివి వందల లెక్కన కొట్టుకొచ్చాయి. నెల్లూరు ఒడ్డు కూడా ఈ చావులు ఎరగనిది కాదు.

దీనికి మందు ఉంది. ట్రాల్ వల లోపల ఒక ఇనుప చట్రం బిగిస్తారు. దాని ఊచల మధ్య కొన్ని అంగుళాల సందు ఉంటుంది. చేపలూ రొయ్యలూ ఆ సందులోంచి వల లోపలికి పోతాయి. తాబేలు ఊచలకి తగిలి, పైనో కిందో ఉన్న కంతలోంచి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి సరిపడేలా దీన్ని తయారు చేసింది. ఈ చట్రం లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనకూడదని అమెరికా 1989లోనే చట్టం చేసింది. ఆ చట్టం కిందే కొన్నేళ్ల కిందట మన దేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది కూడా. అయినా చాలా బోట్లలో ఇది కనిపించదు. కంతలోంచి తాబేలుతో పాటు చేప కూడా పోతుందని బోటువాళ్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. డీజిల్ ధర వాళ్లది. కూలి వాళ్లది. నష్టం కూడా వాళ్లదే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన రాష్ట్రంలో సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. తాబేళ్లు ఒడ్డుకి చేరేది దానికి ముందు. అంటే అవి ఎక్కువగా తిరిగే నెలల్లో వలలు కూడా తిరుగుతూనే ఉంటాయి. తీరానికి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని మన చట్టం చెబుతోంది. ఆ గీత దాటి వచ్చే బోట్లతో, ముఖ్యంగా తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లతో, నెల్లూరు పాలేలవాళ్లకి పాత తగువు. చిన్న పడవ మీద బతికే మత్స్యకారుడి మేలు, తాబేలు మేలు ఇక్కడ ఒకటే. ఈ సంగతి గ్రహించిన సంస్థకి డబ్బిస్తే అది రెండు విధాల పనికొస్తుంది.

కాబట్టి తాబేళ్ల సంస్థ ఏదైనా విరాళం అడిగితే, పిల్లలని వదిలే ఫొటోలు చూసి ఆగిపోకండి. గస్తీ తిరిగే కుర్రాళ్లకి నెలకి ఎంత ఇస్తున్నారని అడగండి. చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ల లెక్క రాస్తున్నారా అని అడగండి. ఆ లెక్క మత్స్య శాఖకి, కోస్ట్ గార్డుకి ఇస్తున్నారా అని అడగండి. బోటు యజమానులతో కూర్చుని టెడ్ గురించి మాట్లాడుతున్నారా అని అడగండి. గూళ్లని కాపాడటం వద్దని కాదు. అది కావాలి. కానీ ఒడ్డున చేసే పనికి నీళ్లలో చేసే పని తోడు కాకపోతే, ఎన్ని వేల పిల్లలని వదిలినా తల్లులు తగ్గిపోతూనే ఉంటాయి.

చూశారు కదా. ఒక్క ప్రశ్న మనల్ని ఫొటో దగ్గర నుంచి వల దాకా తీసుకెళ్లింది.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. వీధికుక్కల సంగతి.

వీధికుక్కల కోసం పనిచేసే సంస్థలకి మన చుట్టుపక్కల మంచి చరిత్ర ఉంది. కెప్టెన్ వి.సుందరం 1959లో చెన్నైలో బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా పెట్టారు. కుక్కలని పట్టి చంపడం వల్ల వాటి సంఖ్య తగ్గడం లేదని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడమే దారి అని వాళ్లు 1964 నుంచే చెబుతూ, చేస్తూ వచ్చారు. ఆ పద్ధతే 2001లో దేశమంతటికీ నిబంధనలుగా వచ్చింది. 2023లో ఆ నిబంధనలని కొత్తగా రాశారు. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ మొదలుపెట్టారు. విశాఖలో ఎస్పీసీఏ 1996 నుంచి ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ సోకినవి, మనుషుల మీద పడేవి తప్ప, మిగతా కుక్కలకి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెప్పింది. ఆపరేషన్ అయిన కుక్కకి చెవి కొసన చిన్న గాటు ఉంటుంది. మీ వీధిలో కుక్కల చెవులు ఈసారి గమనించండి. ఎన్నింటికి గాటు ఉంది, ఎన్నింటికి లేదు అనేది ఏ నివేదికా చెప్పనంత బాగా చెబుతుంది.

ఇక్కడ ఆ ప్రశ్న ఇంకో రకంగా పనికొస్తుంది. ఒక్కో పట్టణంలో వెయ్యి కుక్కలున్నాయని అనుకుందాం. ఒక సంస్థ ఏడు వందల ఆపరేషన్లకి సరిపడా డబ్బు కూడగట్టింది. ఆ డబ్బుతో ఏడు పట్టణాల్లో తలా వంద చేసింది. పేపర్లో ఏడు పట్టణాల పేర్లూ వచ్చాయి. ఇంకో సంస్థ అదే డబ్బుతో ఒకే పట్టణంలో, ఒక్కో వార్డూ ముగించుకుంటూ, ఏడు వందలూ అక్కడే చేసింది. ఏది మేలు?

రెండోదే మేలు. ఎందుకంటే ఒక ప్రాంతంలో 70 శాతం దాకా కుక్కలకి ఆపరేషన్ అయితేనే సంఖ్య నిలకడకి వస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు. రేబిస్ టీకాకి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 70 శాతమే. ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. వందలో పదింటికి ఆపరేషన్ చేస్తే మిగిలినవి ఏడాది తిరిగేసరికి ఆ లోటు పూడ్చేస్తాయి. అక్కడ పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి కుక్కల సంస్థని అడగాల్సింది మొత్తం ఎన్ని ఆపరేషన్లు చేశారని కాదు. ఒక వార్డు తీసుకుని, అందులో నూటికి ఎన్నింటికి చేశారు అని అడగాలి. చేశాక ఎన్ని రోజులు ఉంచుకుని వదిలారు, కుట్లకి చీము పట్టినవి ఎన్ని, చచ్చిపోయినవి ఎన్ని అని అడగాలి. మంచి సంస్థ దగ్గర ఈ లెక్క రిజిస్టరులో ఉంటుంది. అడిగితే కోప్పడరు. సంతోషంగా తీసి చూపిస్తారు.

గోశాలల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మన జిల్లాలో జంతువుల పేరుతో ఇచ్చే డబ్బులో వాటికి చేరేది ఎప్పుడూ ఉంటుంది. గోవు మీద మనకున్న భక్తి అలాంటిది.   ఇంత ప్రేమ ఉన్నచోట గోశాలని అడగాల్సింది ఒకటే. మే నెలలో గడ్డి మోపు ధర పెరిగినప్పుడు ఏం చేస్తున్నారు? పండుగనాడు అందరూ ఇస్తారు. ఎండాకాలంలో ఎవరూ ఇవ్వరు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు చూశాం. పశువులకి ఆ వారం రోజులే మేత కావాలి. నీళ్లు తీసిన రెండు నెలలకి వచ్చిన చందా ఆ ఆకలికి అందదు. కాబట్టి ఎప్పుడు ఇస్తున్నామన్నది కూడా ఆ ప్రశ్నలో భాగమే.

ఇంకో సంగతి. పల్లెలో గేదెకో మేకకో జబ్బు చేస్తే 1962కి ఫోన్ చేయవచ్చు. పశువుల అంబులెన్సు ఊళ్లోకే వస్తుంది. మన రాష్ట్రంలో ఇది 2022 మేలో మొదలైంది. ప్రభుత్వం ఇప్పటికే డబ్బు పెట్టి చేస్తున్న పనికి మన వెయ్యి తోడైతే కొత్తగా జరిగేది తక్కువ. ఎవరూ పట్టించుకోని చోట అదే వెయ్యి చాలా చేస్తుంది.

మరి ఎవరూ పట్టించుకోని జీవాలు ఏవి? దానికి జవాబు మన కళ్ల ముందే ఉంది. కోట నుంచి కావలి దాకా తీరం వెంట బస్సులో వెళ్తే కిటికీలోంచి కనిపించేవన్నీ అవే. రొయ్యల గుంటలు, చేపల గుంటలు.

దేశంలో చేపలూ రొయ్యలూ అందరికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. అందులో నెల్లూరు వాటా చిన్నదేం కాదు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఈ తీరం రూపమే మారిపోయింది. 50 కౌంట్ రొయ్య అంటే కిలోకి యాభై తూగుతాయని రైతులకి చెప్పక్కర్లేదు. అంటే ఒక్క టన్ను పట్టుబడిలో యాభై వేల ప్రాణాలు. జిల్లాలో ఉన్న గోశాలలన్నీ కలిపి సాకే పశువుల కంటే, ఒక గుంట ఒక్క పట్టుబడిలోనే ఎక్కువ ప్రాణాలుంటాయి. వాటి బాధ తగ్గించడానికి విరాళం ఇచ్చిన మనిషి మీకు ఎంతమంది తెలుసు?

చేపకి నొప్పి ఏంటి అని కొందరు నవ్వుతారు. చేపల గుంట గట్టు మీద తెల్లవారుజామున నాలుగింటికి నిలబడినవాళ్లు నవ్వరు. రాత్రంతా మబ్బు పట్టి, గాలి లేకుండా ఉక్కగా ఉంటే, తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు బొచ్చెలు, శీలావతులు నీళ్ల పైకి తేలతాయి. నోళ్లు గుండ్రంగా తెరిచి, మూసి, తెరిచి, మూసి. గుంట నిండా అవే నోళ్లు. చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. రైతు పరిగెత్తి ఏరియేటరు వేస్తాడు. లేకపోతే ఇంజన్ పెట్టి కొత్త నీళ్లు పెడతాడు. ఆలస్యమైతే సూర్యుడు వచ్చేసరికి తెల్లటి పొట్టలు పైకి చేసి తేలుతుంటాయి. ఆ పొద్దున చేపకి జరిగిందీ నష్టమే, రైతుకి జరిగిందీ నష్టమే.

సరిగ్గా ఈ చోటే పనిచేసే సంస్థ ఒకటి ఉంది. దాని పేరు ఫిష్ వెల్ఫేర్ ఇనీషియేటివ్. 2019లో మొదలైంది. ప్రపంచంలో ఎక్కడ పనిచేస్తే ఎక్కువ చేపలకి మేలు జరుగుతుందో వెతికి, ఆంధ్రప్రదేశ్ చేపల రైతుల దగ్గరికి వచ్చింది. వాళ్ల మనుషులు గుంటల దగ్గరికి వెళ్లి నీళ్లు పరీక్ష చేస్తారు. ఆక్సిజన్ ఎంత ఉంది, పీహెచ్ ఎంత ఉంది, అమ్మోనియా పెరిగిందా అని చూస్తారు. తేడా ఉంటే రైతుకి చెప్పి, ఏం చేయాలో సలహా ఇస్తారు. మేత ఆపడమో, నీళ్లు మార్చడమో, గాలి పెట్టడమో. రైతుకి నచ్చజెప్పడం వాళ్ల పనిలో భాగం. ఎందుకంటే రైతు ఒప్పుకోకపోతే చేపకి మేలు లేదు.

రొయ్యలకి కూడా ఇలాంటి సంస్థ ఉంది. ష్రింప్ వెల్ఫేర్ ప్రాజెక్ట్. 2021లో మొదలైంది. అది పట్టించుకునే విషయాల్లో ఒకటి మన తీరపు హేచరీలకి బాగా తెలిసిందే. తల్లి రొయ్యకి ఒక కంటి కాడ తీసేయడం. ఆ కాడలో ఉండే గ్రంథి గుడ్లు తొందరగా పక్వానికి రాకుండా ఆపుతుంది. కాడ తీసేస్తే రొయ్య త్వరగా గుడ్లు పెడుతుంది. అందుకని దాన్ని నొక్కేస్తారు, లేదా కోసేస్తారు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కన్ను తీయకుండా పెంచిన తల్లులని పరీక్షించారు. వాటితో కూడా హేచరీ నడపవచ్చని, వాటి పిల్లలు రోగాలని ఎక్కువ తట్టుకున్నాయని చూపించారు. రోగం అనే మాట వింటే చాలు, నెల్లూరు రొయ్యల రైతు చెవి ఇటు పెడతాడు. వైట్ స్పాట్ రోగం దెబ్బ తిన్న ఇళ్లు ఈ తీరంలో ఎన్నో.

బ్రిటన్‌లో 2022లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం రొయ్యలూ పీతలూ కూడా బాధ తెలిసే జీవాలే అని గుర్తించింది. మనం బ్రిటన్ దాకా వెళ్లక్కర్లేదు. జంతుహింస నివారణకి 1960లో మన పార్లమెంటు చేసిన చట్టం, మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువు అనే అంది. చేపా రొయ్యా అందులో ఉన్నట్టే.

ఈ రెండు సంస్థల పేర్లూ ఎక్కడ దొరికాయంటే, అమెరికాలో యానిమల్ చారిటీ ఎవాల్యుయేటర్స్ అని ఒక సంస్థ ఉంది. 2012లో మొదలైంది. దాని పని ఒక్కటే. జంతువుల కోసం పనిచేసే సంస్థలని పరీక్షించి, ఎవరికిస్తే ఎక్కువ మేలు జరుగుతుందో చెప్పడం. ఒక్కో రూపాయికి ఎన్ని జీవాలకి ఎంత బాధ తగ్గుతోంది అని చూస్తారు. ఇంకా డబ్బు ఇస్తే దాన్ని వాడుకునే సత్తా ఆ సంస్థకి ఉందా అని చూస్తారు. లోపల పనిచేసేవాళ్లని బాగా చూసుకుంటున్నారా అని కూడా చూస్తారు. వాళ్ల సిఫార్సుల్లో ఈ రెండు సంస్థలకీ చోటు దక్కింది. ఆ జాబితా మారుతుంటుంది కాబట్టి ఏడాదికోసారి చూసుకోవాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన నెల్లూరు పిల్లలు ఊరికి ఏదైనా చేయాలని అడుగుతుంటారు. వాళ్లకి ఈ మాట చెప్పండి. అక్కడి నుంచి ఇచ్చే డబ్బు మన రాష్ట్రపు గుంటల్లో చేపకి ఊపిరి అవుతుంది.

ఇక కాగితాల సంగతి. ఇది కాస్త పొడిగా ఉంటుంది కానీ ఓపిగ్గా వినండి. సంస్థకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్లు ఉన్నాయా అడగండి. నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్‌లో పేరుందా చూడండి. జంతు సంక్షేమ సంస్థ అయితే భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందా అడగండి.   పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేలకి మించి నగదుగా ఇవ్వకండి. ఆన్‌లైన్‌లోనో చెక్కుగానో ఇచ్చి, విరాళం ఇచ్చినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపు రాదు. అది కూడా గుర్తుంచుకోండి.

అయితే కాగితాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన పని సక్రమంగా ఉన్నట్టు కాదు. దొంగని పట్టడానికి కాగితం పనికొస్తుంది. మంచిలో మెరుగైనది ఎంచుకోవడానికి ఆ ప్రశ్నే కావాలి. ఇంకో మాట. మేం జీతాలకి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టం అని ఎవరైనా గొప్పగా చెబితే తొందరపడి మురిసిపోకండి. ఆపరేషన్ చేసే డాక్టరుకి జీతం ఇవ్వాలి. రాత్రంతా ఒడ్డున తిరిగే కుర్రాడికి కూలి ఇవ్వాలి. వాళ్లకి ఇచ్చేదే కుక్కకీ తాబేలుకీ అందేది.

ఇప్పుడు నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. భర్త, భార్య, కాలేజీకి వెళ్లే అమ్మాయి. నెలకి వెయ్యి చొప్పున ఏడాదికి పన్నెండు వేలు జంతువుల కోసం తీసిపెట్టారు. ఇదివరకు ఫోన్‌లో ఏ ఫొటో వస్తే దానికి రెండు వందలు, మూడు వందలు పంపేవాళ్లు. ఏడాది చివర ఎవరికి ఇచ్చామో గుర్తుండేది కాదు. ఈసారి ఒక ఆదివారం ముగ్గురూ కూర్చున్నారు. ఒక్కో సంస్థకి అమ్మాయి ఫోన్ చేసింది. సార్, మా డబ్బు అందితే కొత్తగా ఏం జరుగుతుంది, అందకపోతే ఏం ఆగిపోతుందండీ అని అడిగింది. కొందరు విసుక్కున్నారు. ఒకరు మాత్రం అరగంట మాట్లాడారు. పోయినేడు ఏది కుదరలేదో కూడా దాచకుండా చెప్పారు. ఆ అరగంట మాట్లాడిన మనిషి సంస్థకి పెద్ద మొత్తం ఇవ్వడంలో తప్పేమీ లేదు.

అలా ఆ ఇంట్లో పన్నెండు వేలూ మూడు చోట్లకి సర్దుకోవచ్చు. ఐదు వేలు తాబేళ్ల గస్తీకి, బోటు యజమానులతో మాట్లాడే పనికి. అది డిసెంబరులోనే చేరాలి, గూళ్ల కాలం మొదలయ్యేలోపు. ఐదు వేలు తమ వార్డులో కుక్కల ఆపరేషన్లకి. వార్డు మొత్తం అయ్యేదాకా వేరే వార్డుకి పోకూడదని చెప్పి మరీ ఇవ్వాలి. రెండు వేలు మే నెలలో గడ్డికి. చేపల సంగతి అమెరికాలో ఉన్న మేనమామకి అప్పజెప్పవచ్చు. అన్నీ ఒకేచోట ఇచ్చినా తప్పు లేదు. పది చోట్లకి చిల్లరగా చల్లితే మాత్రం ఏ సంస్థకీ ఆ డబ్బుతో పని జరగదు. మనం కూడా ఏదీ వెంటబడి కనుక్కోలేం.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై, బోట్లు ఒడ్డుకి చేరాక, ఆ కుటుంబం తాబేళ్ల సంస్థకి మళ్లీ ఫోన్ చేయాలి. ఈ ఏడాది గూళ్లు ఎన్ని దొరికాయి, చచ్చి కొట్టుకొచ్చినవి ఎన్ని, ఎంతమంది బోటు యజమానులతో మాట్లాడారు, వాళ్లేమన్నారు అని అడగాలి. జవాబు వస్తే డిసెంబరులో మళ్లీ ఐదు వేలు. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే, ఆ ఐదు వేలు వచ్చే ఏడాదికి కుక్కల వార్డుకి కలుపుకోవచ్చు.